మట్టిని ఏ గడిలో రాయాలి? బయోమ్‌ల వెనక జీవ, నిర్జీవాల అల్లిక

బడి పుస్తకాల్లో బయోమ్‌ల (ఒకే తీరు వాతావరణం, ఒకే తీరు వృక్షసంపద ఉండే పెద్ద ప్రాంతాల) పాఠం చివర ఒక పట్టిక తప్పకుండా ఉంటుంది. రెండే గడులు. ఒకదాని నెత్తిన 'జీవ కారకాలు', రెండోదాని నెత్తిన 'నిర్జీవ కారకాలు' అని రాసి ఉంటుంది. చెట్లు, జంతువులు, శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు మొదటి గడిలోకి వెళ్తాయి. ఎండ, వాన, గాలి, ఉష్ణోగ్రత, రాయి, మట్టి రెండో గడిలోకి వెళ్తాయి. మార్కులు తెచ్చిపెట్టే పట్టికే. కానీ అందులో ఒక మాట దగ్గర నాకెప్పుడూ ముల్లు గుచ్చుకుంటుంది. ఆ మాట మట్టి.

చెంచాడు సారవంతమైన మట్టిలో వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటాయి. వాటి మధ్య దారాల్లా అల్లుకున్న శిలీంధ్రపు పోగులుంటాయి, వాటిని మేసే సూక్ష్మప్రాణులుంటాయి, ఎప్పుడో రాలిన ఆకుల అవశేషాలుంటాయి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది రాతిపొడి. చంద్రుడి మీద ఉన్నది అదే. మరి మట్టిని ఏ గడిలో రాయాలి?

ఈ ఒక్క చిక్కును పట్టుకుని ప్రపంచ బయోమ్‌లన్నీ చుట్టి రావచ్చు. వాతావరణం హద్దులు గీస్తుంది, ప్రాణులు ఆ హద్దుల్లో సర్దుకుంటాయి. పాఠం ఇక్కడిదాకా చెప్పి ఆగిపోతుంది. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. సర్దుకున్న ప్రాణులు ఊరికే కూర్చోవు. వానను, నిప్పును, మట్టిని, చివరికి ఉష్ణోగ్రతను కూడా మార్చేస్తాయి.

చెట్టును చూసి వాతావరణాన్ని కొలిచారు

బయోమ్‌నూ ఆవరణ వ్యవస్థనూ ఒకటే అనుకోవడం మామూలే. ఒక చెరువు, అందులోని చేపలు, నాచు, నీరు, బురద అన్నీ కలిస్తే ఒక ఆవరణ వ్యవస్థ. దానికో చోటుంటుంది, వెళ్లి చూపించవచ్చు. బయోమ్ అంతకంటే చాలా పెద్దది. ఒకే తీరు వాతావరణం ఉన్నచోట, ఖండాలు వేరైనా, వృక్షసంపద ఒకే తీరు రూపం తీసుకుంటుంది. ఆ రూపాన్ని బట్టి పెట్టుకున్న పేరే బయోమ్. కాంగో అడవిలోని చెట్ల జాతులు వేరు, అమెజాన్ అడవిలోనివి వేరు. అయినా రెండింటినీ వర్షారణ్యమనే అంటాం. ఎత్తైన ఆకుల కప్పు, దాని కింద మసకచీకటి, ఏడాదంతా పచ్చదనం రెండు చోట్లా ఒక్కటే. అమెరికా ఎడారుల్లో కాక్టస్‌లు, ఆఫ్రికా ఎడారుల్లో యూఫోర్బియాలు ముళ్లతో, నీళ్లు దాచుకునే లావాటి కాండాలతో కవలల్లా కనిపిస్తాయి. వంశవృక్షం తీసి చూస్తే దగ్గరి చుట్టరికమేమీ లేదు. ఒకే రకం కరువు ఇద్దరికీ ఒకే బుద్ధి నేర్పింది.

ఈ సంగతిని మొదట గట్టిగా పట్టుకున్నవాళ్లలో జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ ఒకడు. 1802లో ఇప్పటి ఈక్వడార్‌లో ఉన్న చింబొరాజో పర్వతం ఎక్కాడు. శిఖరం అందలేదు గానీ, దారిలో చూసిన వరస ఆయన్ను వదల్లేదు. అడుగున ఉష్ణమండలపు అడవి, పైకి పోయేకొద్దీ పొట్టి చెట్లు, పొదలు, గడ్డి, నాచు, ఆ పైన మంచు. భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా వేల కిలోమీటర్లు నడిస్తే కనిపించే వరసంతా ఒక్క కొండ మీద నిలువుగా పేర్చి ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ధ్రువాల వైపు వందల కిలోమీటర్లు పోతే వచ్చే మార్పును కొండ ఒక్క పూట నడకలో చూపిస్తుంది.

వాతావరణ శాస్త్రవేత్త వ్లాదిమిర్ కోపెన్ చేసిన పని ఇంకా తమాషాగా ఉంటుంది. 1900 ప్రాంతంలో ప్రపంచ వాతావరణాలను వర్గీకరించడానికి కూర్చున్నప్పుడు, ముందు ఏ తరహా మొక్కలు ఎక్కడ ఆగిపోతున్నాయో చూశాడు. ఆ తర్వాత ఆ గీతకు సరిపోయే ఉష్ణోగ్రత అంకెను వెతికాడు. ఏడాదిలో అన్నిటికంటే వెచ్చని నెల సగటు 10 డిగ్రీలకు చేరని చోట చెట్లు నిలవవు. చెట్లు లేని చలినేల, అంటే టండ్రా, మొదలయ్యే గీత అదే. నిర్జీవ కారకాల పటమని మనం గోడకు తగిలించుకునేది మొక్కల్ని చూసి గీసిందన్నమాట.

ఆ తర్వాత అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ విట్టేకర్ రెండే కొలతలతో ఒక బొమ్మ గీశాడు. ఒక అంచున ఏడాది సగటు ఉష్ణోగ్రత, ఇంకో అంచున ఏడాది వాన. నేల మీది బయోమ్‌లన్నీ ఒక త్రిభుజంలో చక్కగా కుదురుకున్నాయి. వేడి, తడి రెండూ ఉన్న మూలన వర్షారణ్యం, వేడి ఉండి తడి లేని మూలన ఎడారి, రెండూ లేని మూలన టండ్రా. అందరూ గుర్తుపెట్టుకున్నది ఇంతవరకే. బొమ్మ నడిమధ్యన ఆయన ఒక చుక్కల గీత కూడా గీశాడు. ఆ గీత లోపల ఎండా వానా తెలిసినా ఏ బయోమ్ వస్తుందో చెప్పలేం, గడ్డి కావచ్చు, పొద కావచ్చు, అడవి కావచ్చు అని దాని అర్థం. నాకు ఆ బొమ్మలో అన్నిటికంటే నచ్చింది ఆ చుక్కల గీతే. దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

ఇంతకీ బయోమ్‌లెన్ని? పాఠ్యపుస్తకాలు ఐదో, ఆరో, ఎనిమిదో అంటాయి. 2001లో ప్రపంచ వన్యప్రాణి నిధి శాస్త్రవేత్తలు నేల మీదే 14 లెక్కపెట్టారు. అంకె కోసం తగువు దండగ. అడవి పలచబడి గడ్డిగా మారే చోట రాయి పాతి ఉండదు.

గాలి గీసిన గీతలు

గ్లోబును తిప్పి చూడండి. సహారా, అరేబియా, ఆస్ట్రేలియా నడిభాగం, కలహారి, అటకామా. పెద్ద వేడి ఎడారులు దాదాపు అన్నీ భూమధ్యరేఖకు అటూ ఇటూ 20 నుంచి 30 డిగ్రీల అక్షాంశాల దగ్గరే వరసకట్టాయి. ఇది యాదృచ్ఛికం కాదు. భూమధ్యరేఖ దగ్గర ఎండ నిటారుగా పడుతుంది. వేడెక్కిన తేమగాలి పైకి లేస్తుంది, చల్లబడి, మోస్తున్న నీటినంతా అక్కడే కుమ్మరిస్తుంది. వర్షారణ్యాలు అక్కడ ఉన్నది అందుకే. తేమ పిండేసిన గాలి పైన రెండు వైపులకూ ప్రవహించి, సుమారు 30 డిగ్రీల దగ్గర కిందికి దిగుతుంది. దిగే గాలి వేడెక్కుతుంది, వేడెక్కే గాలి మబ్బు పట్టనివ్వదు. కింద ఎడారి. ఈ చక్రానికి బీజం వేసినది 1735లో ఇంగ్లండుకు చెందిన జార్జ్ హాడ్లీ. ఆయన వివరించాలనుకున్నది ఓడలను నడిపే వ్యాపార పవనాలను. ఎడారులు ఎందుకున్నాయో కూడా దాంతోనే తేలింది.

ఈ పెద్ద లెక్కను కొండలు, సముద్రపు ప్రవాహాలు అక్కడక్కడా చెరిపేస్తాయి. తేమగాలి కొండ ఎక్కుతూ ఒక వైపే కురిసిపోతే, అవతలి వైపు వర్షచ్ఛాయలో ఎండిపోతుంది. తీరం పక్కన చల్లని ప్రవాహం నడిస్తే, దాని మీది గాలి చల్లగా, బరువుగా ఉండి పైకి లేవదు, వాన పడదు. అటకామాకు ఈ శాపాలన్నీ ఒకేసారి తగిలాయి. దిగే గాలి, తూర్పున ఆండీస్ కొండల అడ్డు, పడమట చల్లని ప్రవాహం. సముద్రం పక్కనే ఉండి కూడా ప్రపంచంలోకెల్లా పొడి ప్రదేశాల్లో ఒకటైంది. అక్కడి తీరపు కొండల మీద బతికే మొక్కలు ఎక్కువగా పొగమంచును తాగి బతుకుతాయి.

ఇంతవరకూ నిర్జీవ కారకాల రాజ్యమే. ఇక మిగతా సగం.

పైన పటారం, లోన లొటారం

వర్షారణ్యాన్ని చూసిన ఎవరికైనా కింద నేల ఎంత బలమైనదో అనిపిస్తుంది. అమెజాన్‌లో చాలాచోట్ల ఆ నేల చప్పిడి నేల. కోట్ల ఏళ్ల వేడి, వానలు కలిసి కాల్షియం, పొటాషియం, భాస్వరం వంటివాటిని కడిగేశాయి. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల ఎర్రమన్ను మిగిలింది. పోషకాల ఖజానా నేలలో లేదు, చెట్ల ఒంట్లోనే ఉంది. ఆకు రాలీ రాలగానే శిలీంధ్రాలు, చెదలు, బ్యాక్టీరియా దాని పని పట్టేస్తాయి. పోషకం మట్టిలోకి ఇంకకముందే, పైపైన పరుచుకున్న వేళ్లు, వాటికి అంటుకున్న శిలీంధ్రపు పోగులు దాన్ని లాగేసుకుంటాయి. చేతి నుంచి చేతికి మారే సొమ్ము లాంటిదే, పెట్టెలో దాచిందేమీ ఉండదు. అడవి నరికి కాల్చి సాగు చేస్తే రెండు మూడు పంటలు బూడిద బలంతో బాగా పండి, తర్వాత నేల చేతులెత్తేసేది అందుకే.

వాన సంగతి ఇంకా ఆశ్చర్యం. వాన ఉంది కాబట్టి అడవి ఉందని పాఠం. 1970లలో బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాతి వాననీటిలోని ఆక్సిజన్ ఐసోటోపులను (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులను) అట్లాంటిక్ తీరం నుంచి లోపలికి వరసగా కొలిచాడు. అమెజాన్ పరీవాహకంలో కురిసే వానలో సగం దాకా అడవి తిరిగి పైకి పంపిన నీరేనని తేల్చాడు. తర్వాతి అంచనాలు పావు వంతుకూ సగానికీ మధ్య తిరుగుతున్నాయి. సముద్రం నుంచి వచ్చిన ఒకే నీటిబొట్టును చెట్లు వేళ్లతో తాగి, ఆకుల నుంచి బాష్పోత్సేకంతో మబ్బులకు ఇచ్చి, మళ్లీ కురిపించుకుంటాయి. ఇలా ఒకే నీరు ఖండం లోపలికి విడతలు విడతలుగా సాగుతుంది. దక్షిణ అమెజాన్‌లోనైతే సముద్రపు గాలులు తేమ మోసుకొచ్చే అదనుకు రెండు మూడు నెలల ముందే వానలు మొదలవుతాయి. ఆ ముందస్తు వానలను పిలిచేది చెట్లు వదిలే ఆవిరే. విత్తు ముందా చెట్టు ముందా అన్న పాత చిక్కులాగే, ఇక్కడ వాన ముందా అడవి ముందా?

మరి కడుక్కుపోయే భాస్వరం మాటేమిటి? దానికి జవాబు అట్లాంటిక్ అవతల ఉంది. చాద్ దేశంలోని బొదేలే పల్లం ఒకప్పుడు మహా సరస్సు అడుగు. ఇప్పుడది ఎండిపోయిన ధూళిగిన్నె. 2015లో ఉపగ్రహ కొలతలతో వేసిన లెక్క ప్రకారం, ఆఫ్రికా నుంచి గాలి మోసుకొచ్చి అమెజాన్ మీద రాల్చే ధూళి ఏటా సగటున 2.77 కోట్ల టన్నులు. అందులో భాస్వరం సుమారు 22 వేల టన్నులు. వానలు, వరదలు అడవి నుంచి లాక్కుపోయే భాస్వరం కూడా దాదాపు అంతే. ఇంకో మెలిక చూడండి. బొదేలే ధూళిలో ఎక్కువ భాగం ఆ సరస్సులో బతికి చచ్చిన డయాటమ్ అనే సూక్ష్మ శైవలాల గుల్లలు. ప్రపంచంలోకెల్లా పచ్చని అడవికి ఎరువు పంపుతున్నవాటిలో ఒక ఎడారి ఉంది, ఆ ఎడారి ధూళి ఒకప్పటి జీవం.

గడ్డి, నిప్పు, ఒక వైరస్

విట్టేకర్ చుక్కల గీత దగ్గరికి వచ్చాం. సవన్నా అంటే గడ్డి పరిచిన నేల, అక్కడక్కడా చెట్లు. వాన బాగా తక్కువైన చోట చెట్లు చిక్కగా పెరగలేవు, అది నీటి లెక్క. కానీ అడవికి సరిపడా వాన పడే చోట కూడా ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో సవన్నాలున్నాయి. 2011లో ఉపగ్రహ చిత్రాలతో చెట్ల నీడ ఎంత శాతం నేలను కప్పుతోందో కొలిచిన పరిశోధకులకు ఒక వింత కనిపించింది. ఉష్ణమండలంలో సగానికి కాస్త అటూ ఇటూగా కప్పిన నేల చాలా అరుదు. అయితే చిక్కటి అడవి, లేకపోతే పలచటి సవన్నా. ఒకే వాన, ఒకే ఎండ, రెండు వేర్వేరు బయోమ్‌లు.

తేడా తెచ్చేది నిప్పు. ఎండిన గడ్డి అంటుకుంటే మొలకచెట్లు మాడిపోతాయి. గడ్డికేం కాదు, దాని మొగ్గలు నేలమట్టంలోనో, నేల కిందో భద్రంగా ఉంటాయి, వాన పడగానే లేస్తాయి. గడ్డి నిప్పును పెంచుతుంది, నిప్పు గడ్డిని కాపాడుతుంది. ఒకసారి చెట్లు కమ్ముకుని నీడ పడితే మాత్రం గడ్డి చస్తుంది, నిప్పుకు మేత ఉండదు, అడవి నిలబడిపోతుంది. నిప్పును పట్టికలో నిర్జీవ కారకం కింద వేస్తాం. అది తినేదంతా జీవం కక్కిందే.

ఈ ముడిలో ఇంకో దారం టాంజానియాలోని సెరెంగెటి మైదానంలో బయటపడింది. 1880ల చివర్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి తూర్పు ఆఫ్రికాలో అడుగుపెట్టింది. పశువుల మందలతో పాటు విల్డెబీస్ట్ అనే పెద్ద జింకలు, అడవిదున్నలూ కుప్పకూలాయి. తర్వాత దశాబ్దాల పాటు ఆ వైరస్ అక్కడే తిష్ఠ వేసింది. 1960 ప్రాంతంలో కెన్యాలో పనిచేస్తున్న వాల్టర్ ప్లోరైట్ మంచి టీకా తయారుచేశాడు. చుట్టుపక్కల పశువులకు టీకాలు వేసేసరికి అడవి జంతువుల్లోనూ రోగం మాయమైంది. 1960ల ఆరంభంలో సుమారు 2.5 లక్షలున్న విల్డెబీస్ట్‌లు 1970ల చివరికి 13 లక్షలకు చేరాయి. అన్ని నోళ్లు గడ్డి మేస్తుంటే తగలబడడానికి గడ్డి మిగల్లేదు. మంటలు తగ్గాయి. మంటలు తగ్గేసరికి చెట్లు పెరిగాయి. వానలో గానీ ఎండలో గానీ ఈ మార్పుకు తగ్గ కారణం లేదు. కంటికి కనిపించని ఒక వైరస్ పోవడంతో మైదానం రూపు మారింది. 2011లో ఆ రోగాన్ని భూమ్మీద నుంచే నిర్మూలించినట్టు ప్రకటించారు.

గడ్డి మాట వచ్చింది కాబట్టి చల్లటి గడ్డిభూముల సంగతి కూడా ఇక్కడే. ఉత్తర అమెరికా ప్రెయిరీలు, యురేషియా స్టెప్పీలు, అర్జెంటీనా పంపాలు. వాన అడవికి చాలదు, ఎడారికి ఎక్కువ. అక్కడి గడ్డికి పైన కనిపించే భాగం కంటే నేలలో ఉన్నదే ఎక్కువ. కొన్ని జాతుల వేళ్లు రెండు మూడు మీటర్లు దిగుతాయి. ఏటా చచ్చే ఆ వేళ్లు చలికి త్వరగా కుళ్లక, వేల ఏళ్లలో హ్యూమస్ అనే నల్లటి జీవసారంగా పోగుపడ్డాయి. రష్యా శాస్త్రవేత్త వసీలీ దొకుచాయెవ్ ఆ నల్లమట్టిని పరిశీలించి 1883లో ఒక మాట తేల్చాడు. నేల అంటే కేవలం రాయి అరిగిన పొడి కాదు, అడుగు రాయి, వాతావరణం, నేల వాలు, ప్రాణులు, కాలం కలిసి చేసిన వేరే పదార్థం. నేలల శాస్త్రం పుట్టింది అక్కడే. మన పట్టికలోని మట్టి గడిని చెరిపేసింది కూడా ఆయనే, ఎవరూ పట్టించుకోలేదు గానీ.

అమెరికా మైదానాల్లో ఆ గడ్డిని దున్ని గోధుమ వేశాక 1930లలో కరువొచ్చింది. కరువు అక్కడ కొత్త కాదు. అంతకుముందు కరువుల్లో మట్టిని పట్టుకున్న వేళ్లున్నాయి, ఈసారి లేవు. 1935 ఏప్రిల్ 14న లేచిన ధూళి తుఫాను పట్టపగలే చీకటి చేసింది. గోరుచుట్టుపై రోకలిపోటులా, గాల్లో నిలిచిన ఆ ధూళి ఎండను అడ్డుకుని వానలను ఇంకా తగ్గించిందని తర్వాతి వాతావరణ నమూనాలు చూపించాయి.

పచ్చని సహారా

ఏడాదికి 250 మిల్లీమీటర్లకు మించి కురవని చోటును ఎడారి అనడం వాడుక. ఆ లెక్కన ప్రపంచంలోకెల్లా పెద్ద ఎడారి సహారా కాదు, అంటార్కిటికా. ఎడారి ప్రాణుల నేర్పుల గురించి అందరూ రాస్తారు కాబట్టి ఒక్కటి చెప్పి వదిలేస్తాను. ఉత్తర అమెరికా కంగారూ ఎలుక నీళ్లు తాగకుండానే బతకగలదు. తిన్న గింజలు ఒంట్లో అరిగేటప్పుడు పుట్టే నీరే దానికి సరిపోతుంది.

నాకు ఆసక్తి ఎడారి అంచు కదలడం మీద. సుమారు 11 వేల ఏళ్ల నుంచి 5 వేల ఏళ్ల క్రితం వరకూ సహారా పచ్చగా ఉండేది. అల్జీరియాలోని తస్సిలి నజ్జెర్ రాళ్ల మీద నీటిగుర్రాలు, ఆవులమందల చిత్రాలు నేటికీ ఉన్నాయి. భూమి అక్షం బొంగరంలా ఊగే తీరులో వచ్చిన మార్పు ఉత్తర ఆఫ్రికా వేసవికి ఎక్కువ ఎండనిచ్చి, రుతుపవనాలను లోపలికి లాగింది. అయితే ఎండలో వచ్చిన మార్పు ఒక్కటే అంత పచ్చదనానికి చాలదు. ఇసుక ఎండను వెనక్కి కొడుతుంది, గడ్డి పరిచిన నేల పీల్చుకుంటుంది, పైగా ఆవిరి వదులుతుంది. గడ్డి మొలిచేకొద్దీ వాన పెరిగింది, వాన పెరిగేకొద్దీ గడ్డి మొలిచింది. అమెరికన్ వాతావరణ శాస్త్రవేత్త జూల్ చార్నీ 1975లో ఇదే గొలుసును తిరగేసి చెప్పాడు. మేతతో నేల బోడైతే అది ఎండను తిప్పికొట్టి, వానను కూడా తగ్గిస్తుందని.

సమశీతోష్ణ మండలంలోని ఆకురాల్చే అడవుల్లో ఇంత నాటకం లేదు. చలికాలం నీరు గడ్డకట్టి వేళ్లకు అందదు, ఎండ తక్కువ. ఆకులను పోషించడం దండగ కాబట్టి వాటిలోని సారం వెనక్కి లాక్కుని రాల్చేస్తాయి. మధ్యధరా తరహా పొదల్లోనైతే చలికాలం వాన, ఎండాకాలం కరువు. మధ్యధరా తీరం, కాలిఫోర్నియా, చిలీ, దక్షిణాఫ్రికా కొస, నైరుతి ఆస్ట్రేలియా, ఈ ఐదు చోట్లే ఉన్నాయవి. అక్కడి మొక్కల్లో చాలా వాటి గింజలు పొగ తగిలితే గాని మేల్కొనవు. పొగలోని ఏ పదార్థం ఆ పని చేస్తోందో 2004లో కనుక్కున్నారు.

చలి నేలలు

నేల మీది బయోమ్‌లలో అతి పెద్దది టైగా. కెనడా నుంచి సైబీరియా దాకా సూదుల్లాంటి ఆకులున్న శృంగాకారపు చెట్ల పట్టీ. సైబీరియాలోని వెర్ఖొయాన్స్క్‌లో 1892లో మైనస్ 67.8 డిగ్రీలు నమోదైంది. 2020 జూన్‌లో అదే ఊళ్లో 38 డిగ్రీలు. వంద డిగ్రీలకు మించిన తేడాను తట్టుకునే చెట్లవి. అవి కూడా ఊరికే ఉండవు. మంచు పరిచిన తెల్లటి నేల ఎండను తిప్పికొడుతుంటే, మంచులోంచి తల ఎత్తిన నల్లటి చెట్లు దాన్ని పీల్చుకుంటాయి. టైగా లేకపోతే ఆ ఉత్తరపు నేలల్లో చలి ఇంకా ఎక్కువగా ఉండేది.

దాని పైన టండ్రా. వానా మంచూ కలిపి చూస్తే చాలాచోట్ల ఎడారికి ఉన్నంతే, అయినా వేసవిలో ఎటు చూసినా బురద, మడుగులు. కింద నేల శాశ్వతంగా గడ్డకట్టి ఉండడంతో నీరు దిగదు, చలికి ఆవిరి కాదు. పైన కొద్ది లోతు మాత్రమే వేసవిలో కరుగుతుంది, వేళ్లన్నీ ఆ పలచటి పొరలోనే బతకాలి. కింద గడ్డకట్టిన నేలలో కుళ్లడానికి వీల్లేక పేరుకున్న కార్బన్ సుమారు లక్షన్నర కోట్ల టన్నులు. గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటే లోపలి సూక్ష్మజీవులు తినడం మొదలుపెడతాయి.

టండ్రా అంటే చలి ఒక్కటే అనుకునేవాళ్లకు అలాస్కా పక్కనున్న అల్యూషియన్ దీవుల కథ చెప్పాలి. బొచ్చుతోళ్ల వ్యాపారులు కొన్ని దీవుల్లో నక్కలను వదిలారు, కొన్నింట్లో వదల్లేదు. నక్కలున్న దీవుల్లో సముద్రపక్షులు నక్కల పాలయ్యాయి. పక్షులు పోతే వాటి రెట్టలు పోయాయి. సముద్రంలో చేపలు తిని నేల మీద ఎరువు వేసేది ఆ పక్షులే. 2005లో వెలువడిన పరిశోధన ప్రకారం నక్కలు లేని దీవుల మీద పడే రెట్ట, ఉన్న దీవులకంటే 60 రెట్లు ఎక్కువ. ఫలితం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నక్కలు లేని చోట ఏపుగా పెరిగిన గడ్డిభూమి, నక్కలున్న చోట పొట్టి పొదల టండ్రా. ఒకే సముద్రం, ఒకే చలి, ఒకే వాన.

నీటిలో లెక్క వేరు

నేల మీద బయోమ్‌ను నిర్ణయించేవి వేడి, నీరు. నీటిలో నీటి కొరత ఉండదు కాబట్టి వెలుతురు, పోషకాలు, ఉప్పు, లోతు పెత్తనం చేస్తాయి. సముద్రం సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. కిరణజన్య సంయోగక్రియకు చాలినంత వెలుతురు దిగేది పైన 200 మీటర్ల దాకానే. వృక్షప్లవకాలనే సూక్ష్మజీవులు ఆ పొరలో తేలుతూ, భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం కానిస్తాయి. ముదురు నీలంగా మెరిసే నడిసముద్రం అందంగా ఉంటుంది గానీ అది నీళ్లున్న ఎడారి. పోషకాలు చచ్చిన ప్రాణులతో పాటు అడుగుకు జారిపోయాయి, వెలుతురు పైన ఉంది, రెండూ కలవవు. కలిసే చోట జాతరే. పెరూ తీరంలో గాలి పైనీటిని పక్కకు నెట్టితే అడుగునున్న చల్లటి, సారవంతమైన నీరు పైకి వస్తుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద చేపల వేటల్లో ఒకటి అక్కడ సాగుతుంది. 1972లో ఎల్ నినో (పసిఫిక్ పైనీరు అప్పుడప్పుడూ వేడెక్కడం) వచ్చి ఆ చల్లటి నీరు అందకుండా పోయేసరికి, అప్పటికే మితిమీరిన వేటతో చిక్కిన యాంకోవీ చేపల రాశి కూలిపోయింది. పగడపు దిబ్బలది తిరగేసిన కథ. పోషకాలు కరువైన తేటనీటిలో, సముద్రపు అడుగులో ఒక శాతం కూడా లేని చోటులో, నాలుగో వంతు సముద్ర జాతులు ఆశ్రయం పొందుతాయి. పగడం తన ఒంట్లోనే శైవలాలను కాపురం పెట్టుకుని, దొరికిన పోషకాన్ని చేజారనివ్వదు. వర్షారణ్యం చేసే పనే, నీటి కింద.

1977లో గలాపగోస్ దీవుల దగ్గర రెండున్నర కిలోమీటర్ల లోతుకు ఆల్విన్ అనే జలాంతర్గామి దిగింది. అందులో వెళ్లినవాళ్లు భూగర్భ శాస్త్రవేత్తలు, వెతుకుతున్నది వేడినీటి బుగ్గలను. బుగ్గలు దొరికాయి, వాటి చుట్టూ జీవుల గుంపులు కూడా. మనిషంత పొడవు గొట్టపు పురుగులు, వాటికి నోరు లేదు, పేగు లేదు. ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా బుగ్గలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి శక్తి తీసి వాటిని పోషిస్తుంది. సూర్యుడితో పనిలేని బయోమ్ దొరికిందని అందరూ సంబరపడ్డారు. నిర్జీవ కారకాల గడిలోంచి 'ఎండ'ను కొట్టేయవచ్చనుకున్నారు.

పూర్తిగా కొట్టేయలేం. ఆ పురుగుల్లోని బ్యాక్టీరియా సల్ఫైడ్‌ను మండించుకోవడానికి నీటిలో కరిగిన ఆక్సిజన్ కావాలి. ఆ ఆక్సిజన్ పైన ఎండలో తేలే ప్లవకాలు, నేల మీది మొక్కలు వదిలినది. సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం కిరణజన్య సంయోగక్రియ చేసే సయనోబ్యాక్టీరియా వదలడం మొదలుపెట్టాకే అది గాలిలో నిలిచింది. పట్టికలో 'గాలి' ఇప్పటికీ నిర్జీవ గడిలోనే ఉంది, మట్టి పక్కన.